పశువుల డాక్టరమ్మ

"పశువుల డాక్టరా? దీనికి మనుషులు కరువయ్యారా?" అని మా అమ్మ అడిగేసరికి ఆ ఆదివారం మా యింట్లో కాఫీలు చల్లారిపోయాయి.

సంగతి యిది. మా అమ్మాయి ఇంటరులో బైపీసీ చదివింది. డాక్టరీ సీటుకు చాలని ర్యాంకు వచ్చింది. పశువైద్యానికి మాత్రం సరిపోతుంది. మరో యేడాది కోచింగుకు పంపుదామంది మా ఆవిడ. నేను పైకి ఏమీ అనలేదు గాని, మనసులో ఆవిడ పక్షమే. తెలుగు ఎం.ఏ. చదువుతానన్ననాడు మా నాన్నగారు నన్నెలా చూశారో, నేనూ పిల్లను అలాగే చూశానట. ఆ మాట మా ఆవిడే తర్వాత చెప్పింది.

మేముండేది తిరుమలగిరిలో. "మన కంటోన్మెంటు సికిందరాబాదులోనే గదా నాన్నా, 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది!" అంది అమ్మాయి. "మరుసటి యేడు కలకత్తాలో ఆయన ఆ క్రిమి నడకంతా తేల్చింది మనుషుల్లో కాదు, పిట్టల్లో." పాఠాలు చెప్పి బతికేవాణ్ణి, నాకు జవాబు తోచలేదు.

సరే, చూసి వద్దామని రాజేంద్రనగరు వెళ్ళాం. నగరానికి ఈ కొసనుంచి ఆ కొస! అక్కడి పశువైద్య కళాశాల 1946లో, నిజాం కాలంలో పుట్టింది. ఇప్పుడది పి.వి. నరసింహారావుగారి పేరిట వెలసిన విశ్వవిద్యాలయం కింద ఉంది. కోరుట్లలోనూ, వరంగల్లు దగ్గర మామునూరులోనూ అటువంటివే ఉన్నాయి. నాలుగున్నరేళ్ళు చదువు, ఆపైన ఏడాది ఆసుపత్రుల్లో, ఫారాల్లో శిక్షణ. పట్టాలో పశువైద్యమూ పశుసంవర్ధకమూ రెండూ ఉంటాయి. అంటే రోగం కుదర్చడమే కాదు. మేత, పోషణ, జాతి, పాలు, మాంసం అన్నీ చదవాలి.

నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే. మన డాక్టరు నేర్చుకునేది ఒక్క శరీరం. వీళ్ళకు ఎన్నో! ఆవు పొట్ట నాలుగు అరలు. గుర్రం నెమరు వేయదు, దానికి వాంతి కూడా రాదు. కోడికి పళ్ళే లేవు, నమిలే పని కందనకాయది. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాలు పిల్లికి విషం. పైగా రోగి నోరు విప్పి "ఇక్కడ నొప్పి" అనదు. మన మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలను పద్యాల్లో చెప్పాడని ఏటేటా పిల్లలకు వల్లె వేయిస్తాను గాని, ఆ పద్యాల వెనుక ఎంత కష్టం ఉందో అంతవరకు ఆలోచించలేదు.

ఆ నెలలోనే మా ఊళ్ళో గేదె ఈనలేక రాత్రంతా అవస్థపడిందని కబురొచ్చింది. తెల్లవారి అందరం వెళ్ళాం. మండలం నుంచి వచ్చిన డాక్టరు ఇంకా పాతికేళ్ళు దాటని పిల్ల. భుజం దాకా తొడుగు వేసుకుని బురదలో బోర్లా పడుకుంది. దూడ తల వెనక్కి మళ్ళిపోయిందట. రెండు గంటల పెనుగులాట. దూడ దక్కలేదు. గేదె లేచి నిలబడి నీళ్ళు తాగింది. ఆ పిల్ల మాత్రం గోడకు జారగిలబడి, చెయ్యి పైకెత్తలేక, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసును ఎడమచేత్తో అందుకుంది.

తిరుగుదారిలో మా అమ్మ తనంతట తానే ఎత్తుకుంది. తన చిన్నప్పుడు ముసర రోగం వచ్చి కొట్టం కొట్టమే ఖాళీ అయిందిట. నాగలి కట్టడానికి ఎద్దు లేక ఆ యేడు పొలం బీడు పడిందిట. "ఆ రోగం ఇప్పుడు లేదు నాయనమ్మా, 2011లో ప్రపంచంలోనే లేదని తేల్చేశారు. మశూచి తర్వాత అలా పోయింది అదొక్కటే," అంది అమ్మాయి. "ఎవరు పోగొట్టారే?" అంది అమ్మ. పిల్ల నవ్వి ఊరుకుంది.

కోచింగు మాట మళ్ళీ మా ఆవిడ ఎత్తలేదు. ఒప్పుకుందని మాత్రం చెప్పను. హాస్టలుకు పెట్టె సర్దుతూ రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. సీటు వచ్చి నాలుగు నెలలైంది. మొన్న మా అమ్మ ఫోను చేసి, "మన గేదె మళ్ళీ చూడి కట్టింది, ఎప్పుడు ఈనుతుందే డాక్టరమ్మా?" అని అడిగింది.

"పది నెలల పైన పడుతుంది నాయనమ్మా, ఎప్పుడు దాటించారో తారీఖు చెప్పు," అని, కాసేపాగి, "ఆ పాఠం మాకింకా రాలేదులే, ఇప్పుడు ఎముకలు చదువుతున్నాం," అంది.