ఊరివారి రేడియో

రేడియో యనగానే మనకు దూరపు పట్టణమునందలి పెద్ద కట్టడమును, అందు కూర్చుండి మాటలాడు విద్వాంసులును తలపునకు వత్తురు. వారు చెప్పువారు, మనము వినువారము. ఊరివారే చెప్పువారగు మార్గముకూడ నొకటి కలదనియు, అందులకు తోడ్పడు సంఘములు కలవనియు నేడు మనవి చేయదలచితిని.

“మా యూరిలో మేము మాటలాడుకొనుటకు సర్కారు అనుమతి యేల?” అని మీరడుగవచ్చును. చెరువు క్రింది ఆయకట్టును తలచుకొనుడు. నీరుగంటి లేక యెవరి మడికి వారే గండి కొట్టుకొన్నచో చివరి మడి యెండిపోవును. రేడియో తరంగములును అట్టివే. ఒక్క ప్రాంతమున రెండు కేంద్రములు ఒకే తరంగసంఖ్యపై పలికినచో మాట తెలియక రొద మిగులును. దేశముల నడుమ నీ పంపకమును అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము చూచుచున్నది. ఇది 1865లో తంతివార్తల కొరకు పుట్టిన సంస్థ. ఇప్పుడు జెనీవా నగరమున నున్నది. మన దేశములోపలి పంపకము కేంద్ర ప్రభుత్వముది.

అంతమాత్రమున తరంగములు ప్రభుత్వపు సొత్తు కావు. నీరుగంటికి చెరువు సొంతమగునా? 1995 ఫిబ్రవరి 9వ తేదీన సుప్రీంకోర్టు, క్రికెట్టు ఆటల ప్రసారమును గూర్చిన యొక వ్యాజ్యెములో, ఈ తరంగములు ప్రజల యాస్తి యని తీర్పు చెప్పెను. తీర్పు చెప్పిన మువ్వురు న్యాయమూర్తులలో జీవన్ రెడ్డిగారు మన తెలుగువారు. పట్టణపు ఆటతగవు పల్లెల కింత మేలు చేయుట విచిత్రమే. అయినను ఫలము వెంటనే చేతికి రాలేదు. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే చిన్న కేంద్రములు పెట్టుకొన ననుమతి కలిగెను. ప్రజాసేవా సంఘములకు 2006లో గాని ద్వారము తెరువబడలేదు.

ఆ ద్వారమునొద్ద నెంతకాలమునుండియో వేచియున్నవారు జహీరాబాదు ప్రాంతపు స్త్రీలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళాసంఘములవారు, పలువురు దళితులు, సేద్యము చేసికొను పేదలు. యునెస్కో తోడ్పాటుతో మాచునూరు గ్రామమున వారికి రేడియో సాధనములు ముందే యమరినవి. అనుమతి మాత్రము లేదు. అందుచేత వారు తమ మాటలను, పాటలను టేపులపై నెక్కించి సంఘపు సమావేశములలో వినిపించుకొనుచు వచ్చిరి. 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో గాలిలో పలికినది. విత్తనములు దాచుకొను పద్ధతి, జొన్న కొర్రల సేద్యము, పండుగపాటలు, ఇవన్నియు వారి యాసలోనే. ఆ వేచియున్న యేండ్లు వ్యర్థము కాలేదని నా యభిప్రాయము. పని నేర్చినది అప్పుడే.

పని నేర్చినను ధనము లేనిదే సాగదు. 1924లో చెన్నపట్టణమున రేడియో క్లబ్బు నొకదానిని స్థాపించి ఉత్సాహవంతులు ప్రసారములు సాగించిరి. 1927లో డబ్బు చాలక మూతపడినది. వారి యంత్రమును నగర కార్పొరేషనువారు గైకొని 1930లో ప్రసారములు తిరిగి యారంభించిరి. యంత్రము కొనుటకంటె దాని కరెంటు ఖర్చు, మరమ్మతు భరించుటయే కష్టము.

ఇట్టి సంగతులు ముందే తెలిసికొనుటకు సంఘములు పనికివచ్చును. 1964లో ఏర్పడిన ఆసియా పసిఫిక్ ప్రసార సంఘము ప్రధానముగ పెద్ద సంస్థలది. మన పల్లెకు దానితో పని తక్కువ. 1983లో మాంట్రియల్ నగరమున నంకురించిన ప్రపంచ సమాజ రేడియోల సంఘము చిన్నవారిని కలుపుటకే పుట్టినది. మన దేశమున కమ్యూనిటీ రేడియో ఫోరమ్ అనునది కలదు. అయినను, నడుచుచున్న కేంద్రమునకు ఇద్దరిని పంపి నాలుగు దినములు చూచి రమ్మనుటయే మేలని నేను చెప్పుదును.

ఇక 2006 నాటి నియమములలో ముఖ్యమైనవి. అడుగు సంఘము లాభాపేక్ష లేనిదై, ఆ ప్రాంతమున మూడేండ్లు తక్కువ కాకుండ సేవ చేసియుండవలయును. రాజకీయ పక్షములు తగవు. కార్యక్రమములలో సగమునకు తగ్గకుండ స్థానికుల పాలుండవలయును. అనుమతిని మరియొకరికి అమ్మరాదు, బదలాయింపరాదు. వెనుకటినుండి కొన్ని నియమములు సవరింపబడినవి గావున దరఖాస్తునకు ముందు క్రొత్త ప్రతిని తెప్పించుకొనుడు. దరఖాస్తు చేరవలసినది ఢిల్లీలోని సమాచార ప్రసార మంత్రిత్వశాఖకు. దానికంటె ముందు మీ సంఘపు రిజిస్ట్రీ కాగితమును పెట్టెలోనుండి తీసి, తేదీని చూచుకొనుడు.