ఆకాశరామన్నల ఊళ్ళో

ఆకాశరామన్న అంటే మన ఇళ్ళలో ఎవరికీ సదభిప్రాయం లేదు. పెళ్ళిచూపులు జరిగిపోయి, తాంబూలాలు పుచ్చుకునే వేళకు "పిల్లవాడి అలవాట్లు మంచివి కావు" అంటూ సంతకం లేకుండా దిగే ఉత్తరం ఆయనదే. ప్రమోషను రాబోయే గుమాస్తామీద పైవారికి చేరే అర్జీ కూడా ఆయనదే. ఊరూ పేరూ లేనివాడికి మనవాళ్ళు పనిగట్టుకుని ఒక పేరు పెట్టి, పైగా ఆకాశాన్ని ఇంటిపేరులా తగిలించారంటే, పేరులేని మనిషిని మనం ఎంతగా భరించలేమో ఊహించుకోవచ్చు.

అటువంటి ఆకాశరామన్నలు వేలసంఖ్యలో కాపురముంటున్న ఊరు ఒకటి ఉన్నది. దానికి మునసబు లేడు, కరణం లేడు, ఊరి నడుమ కచేరీ చావడి లేదు. ఇంటర్నెట్టు తీగెలమీదనే, కాని ఇంటర్నెట్టులో మామూలుగా తిరిగేవాళ్ళ కంటపడకుండా ఉంటుంది. పేరు ఐ.టు.పి. 'కంటికి కనిపించని ఇంటర్నెట్టు పథకం' అని దాని అర్థం. కొద్ది నెలలుగా రాత్రి భోజనాలయ్యాక నేను అక్కడికి వెళ్ళివస్తున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాళ్ళకు అక్కడ ఏం పని అని మీరు అడగవచ్చు. ఇంట్లోవాళ్ళూ అడిగారు.

పని ఒక పద్యంవల్ల పడింది. నేనెరిగిన ఒక కాలేజీ హాస్టలులో సాంబారుమీద ఎవరో ఆటవెలది కట్టి వాట్సాప్‌లో వదిలారు. తిరిగి తిరిగి నా దాకా వచ్చింది. యతి కుదిరింది, కందిపప్పు ఆచూకీ గురించిన చమత్కారమూ కుదిరింది. సాయంత్రానికల్లా కవి దొరికిపోయాడు. ప్రతి సందేశం పక్కనా ఫోను నెంబరు కనిపిస్తూ ఉంటే దొరక్క ఏమవుతాడు? తండ్రిని పిలిపించి, పిల్లవాడిచేత క్షమాపణ రాయించుకున్నారు. క్షమాపణ వచనంలో రాశాడట, పాపం.

ఆ వారంలోనే నా క్లాసులో చాటువుల పాఠం వచ్చింది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఊరూరా తిరిగి, తాటాకులు తిరగేసి ఏరి కూర్చిన చాటుపద్యాలలో రాజుల పిసినారితనాన్నీ, పెద్దల డాబునూ ఎత్తిపొడిచేవి కొల్లలు. వాటిలో చాలావాటికి కర్త ఎవరో తెలియదు. నోటినుంచి నోటికి పాకుతూ పేరు జారవిడుచుకోవటమే వాటికి రక్ష. "మరి ఇప్పుడు చాటువు పుట్టాలంటే ఎక్కడ పుడుతుందండీ?" అని వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం, కోర్టుగాని అధికారంగల వారుగాని ఆజ్ఞాపిస్తే, ఒక సందేశాన్ని దేశంలో మొట్టమొదట పంపినవారెవరో పెద్ద కంపెనీలు చూపించగలిగి ఉండాలి. అది కుదరదంటూ ఆ మే నెలలోనే వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. అమ్మాయి ప్రశ్న స్టాఫురూములో చెబితే, కంప్యూటరు సైన్సు చెప్పే మిత్రులొకరు నవ్వి, "చాటువు పుట్టేచోటు ఒకటుంది, చూస్తారా?" అని ఈ ఊరి పేరు చెప్పారు.

ఊరి సంగతి మన వంటింటి భాషలో చెప్పుకుందాం. మరేమీ కాదు, దాన్ని కట్టినవాళ్ళే వంటింటి భాష వాడారు. 1990లలో అమెరికా నౌకాదళపు పరిశోధనశాలలో ఉల్లిపాయ పద్ధతి ఒకటి కనిపెట్టారు. పంపవలసిన మాటను పొరమీద పొరగా రహస్యలిపిలో చుట్టి, దారిలో ఒక్కొక్క కంప్యూటరూ ఒక్కొక్క పొర ఒలిచేటట్లు పంపటం. ఒలిచినవాడికి తనకు ముందు ఎవరిచ్చారో, తరువాత ఎవరికివ్వాలో తెలుస్తుంది. మొదలూ తుదీ తెలియదు. టార్ అనే ప్రసిద్ధమైన వల దానిమీద నిలిచినదే. 2003లో మొదలైన ఐ.టు.పి. దీన్ని మార్చి వెల్లుల్లి చేసింది. వేరువేరు కబుర్లను రెబ్బలు రెబ్బలుగా ఒకే పాయలో కూర్చి పంపటం ఇందులోని కిటుకు. ఏ రెబ్బ ఎవరిదో పాయను మోసేవాడికి తెలియదు.

మోసేవాడెవరంటారా? మీరే. నేనే. ఈ ఊళ్ళో నాకు నచ్చినదీ, మొదట కాస్త గుండె దడ పుట్టించినదీ ఇదే. కాపురం పెట్టిన ప్రతివారి కంప్యూటరూ ఇతరుల మూటలు మొయ్యవలసిందే. ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పే జాబితా సైతం ఒకచోట ఉండదు, ముక్కలుగా పలువురి ఇళ్ళలో ఉంటుంది. అందుచేత ఒక తలుపు మూసి ఊరంతా మూసెయ్యటం సాధ్యం కాదు. పుట్టించిన మనిషే పోయినా ఊరు పోలేదు. ఆ మనిషి మారుపేరు జేరాండమ్. 2007 తరువాత తెరమరుగయ్యారు. అసలు పేరు బయటికి రాలేదు. మిగిలినవాళ్ళు, వాళ్ళూ మారుపేర్లవాళ్ళే, పని అందుకుని నడుపుకువస్తున్నారు.

చేరటానికి దరఖాస్తు లేదు, రుసుము లేదు, ఫోను నెంబరు అక్కరలేదు. సాఫ్టువేరు ఉచితం. మా అక్కయ్య కొడుకు సెలవులకు వచ్చినప్పుడు అరగంటలో పెట్టాడు. పెట్టగానే ఏమీ జరగలేదు. అయిదు నిమిషాలయింది, పది నిమిషాలయింది. "కంగారుపడకు, అది ఇరుగుపొరుగును పరిచయం చేసుకుంటోంది" అన్నాడు వాడు. నిజమే. మొదట తెలిసిన కొన్ని గుమ్మాలకు వెళ్ళి కొందరు పొరుగువాళ్ళ జాబితా తెచ్చుకుంటుందట. తరువాత వాళ్ళగుండా సొరంగాలు తవ్వుకుంటుందట. పోవటానికి ఒక సొరంగం, రావటానికి మరొకటి. సాధారణంగా ఒక్కొక్క దానిలో మూడు కంప్యూటర్లు. అవతలివాళ్ళకూ అలాగే రెండు. అంటే నేనొక మాట అని, జవాబు వినేలోపల అది పన్నెండు గడపలు తొక్కుతుంది. పది నిమిషాలకొకసారి పాత సొరంగాలు పూడ్చి కొత్తవి తవ్వటం ఒకటి. మాట ఎంత మెల్లిగా నడుస్తుందో మీరే ఊహించండి. ఏకబిగిని పది కబుర్లు పంపే అలవాటున్న మా ఇంటి పిల్లలు రెండు నిమిషాలు కూర్చుని లేచిపోయారు.

అక్కడి రచ్చబండకు ఐ.ఆర్.సి. అని పేరు. ఈ పద్ధతి 1988లో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే ఆయన కనిపెట్టినది. అక్షరాలు తప్ప బొమ్మ లేదు, గొంతు లేదు, నీలిరంగు టిక్కులు లేవు. మీరు లేనప్పుడు అన్న మాటలు మీకోసం దాచి ఉంచరు. రచ్చబండ దగ్గరయినా అంతేగదా! ఈ చాట్ ప్రోగ్రాములలో ఒక అమాయకత్వం ఉంది. అవతలివారు టైమెంతని అడిగితే మనల్ని అడక్కుండానే గడియారం చూసి చెప్పేస్తాయి. టైము తెలిస్తే ఏ దేశమో పోల్చవచ్చు. ఆ ప్రశ్నను ఐ.టు.పి. గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. పుట్టించినవాళ్ళు అంతదూరం ఆలోచించారు. అయితే మీరు ఈ ఊళ్ళో ఉన్నారన్న సంగతి మాత్రం రహస్యం కాదు. ఎవరితో ఏమన్నారన్నదే రహస్యం.

నేను 'వేపచెట్టు' అని పేరు పెట్టుకుని వెళ్ళి ఓ మూల కూర్చున్నాను. సాధారణంగా ఇంగ్లీషే. సాఫ్టువేరు తగాదాలు, మళ్ళీ సాఫ్టువేరు తగాదాలు, మధ్యలో ఎవరో కాఫీ గురించి. దొంగలు లేరా అంటే, ముసుగున్న చోటికి దొంగలు రాకుండా ఉండరు. టార్ చాటున మాదకద్రవ్యాల అంగడి నడిపిన ఒక అమెరికను 2013లో పట్టుబడ్డాడు. నా కంప్యూటరు మోసే మూటల్లో అటువంటివాడిది ఒకటి ఉండవచ్చునన్న ఆలోచన నాకు సుఖంగా లేదు. అలాగని తపాలా సంచి మోసేవాడు ప్రతి ఉత్తరమూ విప్పి చదవాలని కూడా నేననను. గోప్యత పౌరుల ప్రాథమిక హక్కు అని మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. హక్కు మంచివాళ్ళకే వర్తిస్తుందని అందులో లేదు.

సరే, నన్ను నిద్రపోనివ్వనిది ఈ తర్కం కాదు. సొరంగాలన్నీ ఇల్లు దాస్తాయి. భాషను ఏది దాస్తుంది?

అమెరికాలో కజిన్‌స్కీ అనే హంతకుడు 1978నుంచి పార్సిళ్ళలో బాంబులు పంపి పోలీసులను పదిహేడేళ్ళు తిప్పలు పెట్టాడు. 1995లో తన సిద్ధాంతవ్యాసం పత్రికలో అచ్చుకావాలని పట్టుబట్టాడు. వేశారు. అది చదివి, "ఇది మా అన్న రాత" అని పోల్చుకున్నవాడు సొంత తమ్ముడు. మరుసటి ఏప్రిలులో అన్న దొరికాడు. వేలిముద్ర పట్టివ్వలేదు, వాక్యం పట్టిచ్చింది.

తెలుగు ఈ విషయంలో చిత్రమైన భాష. ఒకవైపు గొప్ప ముసుగు. హిందీలో 'వెళుతున్నాను' అనగానే ఆడో మగో బయటపడిపోతుంది. మనకు ఉత్తమపురుషలో ఆ బెడద లేదు. ఇంతదూరం చదివారు గదా, వ్యాసంమీద అచ్చయిన పేరు చేత్తో మూసి, ఇది రాసింది స్త్రీయో పురుషుడో ఒక్క క్రియాపదం చూపించి చెప్పండి! బీనాదేవిగారి కథలు చదివినవారికి ఈ సుఖం తెలుసు. ఆ పేరు వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరు, నరసింగరావుగారు, త్రిపురసుందరమ్మగారు.

రెండోవైపు మన భాషంత చాడీకోరు మరొకటి లేదు. వచ్చాను, వచ్చిన, వచ్చినాను: మూడు ముక్కల్లో మనిషి ఏ దిక్కువాడో తెలిసిపోతుంది. ఒకరికి సొరకాయ, ఒకరికి ఆనపకాయ, మరొకరికి ఆనిగెపుకాయ. వేరుసెనగ, పల్లి, బుడ్డలు అన్నవి ఒక్క గింజ పేర్లేనని పరవూరు కాపురానికి వెళ్ళిన ఆడపిల్లలకు అంగట్లో అర్థమవుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల దగ్గర కూర్చుని, ఏ మాట ఏ జిల్లాలో ఉందో సేకరించి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వెలువరించారు. అది చేతిలో ఉంటే సగం ఆకాశరామన్నల జిల్లాలు చెప్పవచ్చు. పోనీ తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొడితే? అప్పుడూ ఎవరి స్పెల్లింగు వారిదే.

ఒక రాత్రి 'గాలిపటం' అనే పేరు నాకు విడిగా ఒక మాట పంపింది, తెలుగులో. "మీరు పాఠాలు చెబుతారు కదూ? ఇక్కడ ఇంగ్లీషువాక్యం చివర చుక్కపెట్టేవాళ్ళు మీరొక్కరే." నవ్వొచ్చింది. తెలుగువాళ్ళని ఎలా తెలిసిందంటే, వేపచెట్టును ఇంగ్లీషు అక్షరాల్లో అలా రాసేవాళ్ళు వేరే ఎవరుంటారన్నారు. ఆ సాయంత్రం గంటసేపు మాట్లాడుకున్నాం. గంటంటే, పన్నెండు గడపల లెక్కన, ఓ పాతిక వాక్యాలు. వారి మాటలు ఇక్కడ పాఠ్యపుస్తకపు తెలుగులోకి మార్చి రాస్తున్నాను. మూడో వాక్యానికే వారిది ఏ జిల్లాయో నాకు తెలిసిపోయింది. ఏ మాటనుబట్టి పోల్చుకున్నానో కూడా రాయను.

వారు పద్యాలు రాస్తారు. సొంత పేరుతో ఒకసారి ఒక సభలో చదివారు. దిగి వస్తుంటే పెద్దాయన ఒకరు ఇంటిపేరు అడిగి, తెలుసుకుని, భుజం తట్టి, "మీలో కూడా ఛందస్సు వచ్చినవాళ్ళున్నారన్నమాట!" అన్నారట. మెచ్చుకోలుగానే అన్నారట. అది మొదలు ఎక్కడా పేరు పెట్టలేదు. "ఇక్కడికొచ్చి ఏడాదైంది. ఇంతవరకు ఇంటిపేరు ఎవరూ అడగలేదు. మీరూ అడగరు గదా?"

అడగనన్నాను. మన దేశంలో ఇద్దరు కొత్తవాళ్ళు రైలులో ఎదురుగా కూర్చుంటే ఊరూ ఇంటిపేరూ దాటి మూడో ప్రశ్నకు వచ్చేసరికి ఏం తేల్చుకుంటారో మనందరికీ తెలిసిందే. ఆ ప్రశ్నలు లేనిచోట ఒక మనిషి పద్యం ముందు వస్తుంది, మనిషి తరువాత వస్తాడు. తెలుగుదేశంలో ఆ చోటుకోసం భూమి కింద సొరంగం తవ్వుకోవలసి రావటం నాకు బాధనిపించింది. ఆ మాట వారితో అనలేదు. ఒక కందం పంపారు, చూశాను. మొహమాటం లేకుండా, "రెండో పాదంలో మూడో గణం భగణం పడింది. అక్కడ నలమో జగణమో ఉండాలి" అని రాశాను. చాలాసేపు జవాబు లేదు. సొరంగం పూడిందో, మనసు నొచ్చిందో తెలియలేదు. తరువాత ఒక వాక్యం వచ్చింది: "నా పద్యంలో తప్పు చూపించి ఇంకేమీ అడగనిది మీరే."

మూడు రోజులు గాలిపటం ఎగరలేదు. నాలుగో రోజు ఆ పేరు మళ్ళీ కనిపించింది. అక్కడ రిజిస్టరు చేసుకోని పేరును ఎవరైనా తగిలించుకోవచ్చు గనక, ఆ మనిషేనన్న నమ్మకమేమిటి? అడగవలసిన పని లేకపోయింది. మొదటి వాక్యంలోనే ఆ జిల్లామాట దొర్లింది. పద్యం సరిచేశామని పంపారు. రెండో పాదం చక్కగా కుదిరింది. నాలుగో పాదంలో యతిమీద మాత్రం మా ఇద్దరికీ ఇంకా తగువు నడుస్తున్నది.