మరకను తినే పొడి

పప్పుచారు ఒలికిన తెల్లచొక్కా మీద బట్టల సబ్బు రుద్దినవాళ్ళకు ఆ గుండెదడ తెలుసు. అప్పటిదాకా పచ్చగా ఉన్న మరక సబ్బు తగలగానే ఎర్రబారుతుంది. రుద్దినకొద్దీ ఎరుపెక్కుతుంది. చొక్కా పాడైపోయిందనుకుని చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. మరక ముదిరిందేమీ లేదు. పసుపులో ఉండే కుర్కుమిన్ అనే రంగుకు క్షారం తగిలితే ఎర్రబడే గుణం ఉంది, బట్టల సబ్బులో క్షారం ఉంది. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఈ గుణంతోనే తయారవుతాయి. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు అది. చొక్కాను మంచినీళ్ళలో జాడించి నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఎరుపు దిగి మళ్ళీ పచ్చదనం వస్తుంది. రంగు మారుతుంది గానీ మరక పోదు.

వరంగల్ వంటిళ్ళలో ఇలాంటి మొండి మరకలకు కొదవలేదు. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలకొద్దీ మిర్చి వచ్చే ఊరు ఇది. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న వరంగల్ చపాటా మిర్చికి కారం తక్కువ, రంగు ఎక్కువ. చూడటానికి బొద్దుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. ఆ ఎర్రటి రంగు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే తొక్కు నూనె చుక్క ఒకటి కుచ్చిళ్ళ మీద పడితే బిందెడు నీళ్ళు పోసినా కదలదు. రెండేళ్ళకోసారి మేడారం వెళ్ళి సమ్మక్క సారలమ్మలను దర్శించుకుని వచ్చినవాళ్ళ బట్టల మీద పసుపు కుంకుమలు రెండూ ఉంటాయి. ఇవి భక్తితో పడ్డాయి, తొక్కు నూనె వంటతో పడింది. ఉతికేవాళ్ళకు మాత్రం కష్టం ఒకటే.

ఈ కష్టాన్ని తరతరాలు మోసినవాళ్ళు రజకులు. చాకిరేవు అనగానే బండకేసి బాదే చప్పుడే గుర్తొస్తుంది. అసలు విద్య ఆ చప్పుడు మొదలవకముందే, బాన దగ్గర జరిగిపోయేది. చౌడు నేలల్లో పైకి తేలే తెల్లటి మన్ను తెచ్చి నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళలో బట్టలు ముంచి, బాన మీద పేర్చి కింద మంట పెట్టేవారు. దాన్నే ఉబ్బ వేయడం అంటారు. చౌడులో సోడియం కార్బొనేటు ఉంటుంది. వేడి ఆవిరి తగిలితే ఈ క్షారం బట్టలోని నూనెతోనూ చెమట జిడ్డుతోనూ కలిసి వాటిలో కొంత భాగాన్ని సబ్బుగా మార్చేస్తుంది. అంటే మరకలోంచే సబ్బు పుట్టించి, ఆ సబ్బుతోనే మరకను దించేవారన్నమాట! మన పాఠ్యపుస్తకాల్లో సోడియం కార్బొనేటుకు చాకలి సోడా అనే పేరు నిలిచిపోవడంలో న్యాయం ఉంది.

వాళ్ళకు మరకల సంగతి ఎంత బాగా తెలుసో చెప్పడానికి ఇంకో ఆనవాలు చాలు. ఎవరి బట్ట ఎవరిదో గుర్తుండటానికి రజకులు నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన చిన్న గుర్తు పెట్టేవారు. గాలి తగిలి నల్లబడ్డ ఆ రసం ఎన్ని ఉబ్బలు వేసినా చెదరదు. వదిలించలేని మరక ఏదో తెలుసుకుని, దాన్నే తమ ఖాతాపుస్తకంగా వాడుకున్నారు. వరంగల్ ప్రాంతపు పాలకుర్తి నేల ఈ వృత్తిని మరిచిపోనివ్వదు. బట్టలుతికే మడివాలు మాచయ్య కథను బసవపురాణంలో చెప్పిన సోమనాథుడిది పాలకుర్తి. తన భూమి కోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలిచిన చాకలి ఐలమ్మదీ పాలకుర్తే.

అయితే చౌడుకు రెండు చోట్ల చుక్కెదురైంది. ఒకటి పట్టు. నూలును ఏమీ చేయని క్షారం పట్టును, ఉన్నిని కొరికేస్తుంది, ఎందుకంటే అవి మాంసకృత్తులు. రెండోది నెత్తుటి మరక. నెత్తురూ మాంసకృత్తే. వేడి తగిలితే కోడిగుడ్డు తెల్లసొన గడ్డకట్టినట్టు అది నూలుపోగుల మధ్య గట్టిపడి కూర్చుంటుంది. ఉబ్బ వేస్తే మరక శాశ్వతమవుతుంది. పాలు, గుడ్డు, పసిపిల్లల బట్టల మీది మరకలదీ ఇదే బాపతు. సబ్బుకు, సోడాకు లొంగని ఈ మరకల కోసమే ఎంజైమ్ పొడి పుట్టింది. దాని పుట్టుక మాత్రం బట్టల మధ్య జరగలేదు, తోళ్ళ మధ్య జరిగింది.

ఒట్టో రోమ్ జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త. ఆ రోజుల్లో తోళ్ళను మెత్తబరచడానికి వాటిని కుక్క పెంట కలిపిన నీళ్ళలో నానబెట్టేవారు. భరించలేని దుర్గంధంతో కూడిన ఆ పనిని మార్చాలని పూనుకున్న రోమ్, ఆ నీళ్ళలో పనిచేస్తున్నది జీర్ణరసాల్లోని ఎంజైములని పట్టుకున్నాడు. పశువుల క్లోమగ్రంథి నుంచి తీసిన రసంతో పెంట అవసరం లేకుండా చేసి, 1907లో ఒట్టో హాస్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. కడుపులో మాంసాన్ని అరిగించే రసం తోలును మెత్తబరిస్తే, బట్ట మీది నెత్తుటిని మాత్రం ఎందుకు అరిగించదు? 1913లో ఆ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది బర్నస్ అనే పేరుతో నానబెట్టే పొడి బజారుకొచ్చింది. అందులో ఎక్కువ భాగం సోడా, కాస్తంత క్లోమరసం.

కష్టమల్లా ఆ సోడాతోనే వచ్చింది. కడుపులో పుట్టిన ఎంజైమ్ అంత క్షారాన్ని తట్టుకోలేదు. పొట్లంలో పక్కన ఉన్న సరుకే దాన్ని చంపేస్తుంటే అది మరకనేం తింటుంది? రోమ్ ఆలోచన సరైనదే. సరైన ఎంజైమ్ దొరకడానికి ఇంకో 30 ఏళ్ళకు పైగా పట్టింది.

దొరికింది కోపెన్‌హాగెన్‌లో, బీరు కంపెనీ పెట్టిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. గుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తు మీద పనిచేస్తున్న లిండర్‌స్ట్రామ్ లాంగ్, ఒట్టెసెన్ అనే శాస్త్రవేత్తలు ఒక బాసిల్లస్ బాక్టీరియా దాన్ని కోసేస్తోందని గమనించి, ఆ పని చేస్తున్న ఎంజైమ్‌ను 1947లో వెలికితీశారు. దాని పేరు సబ్టిలిసిన్. దాదాపు 275 అమైనో ఆమ్లాల గొలుసు ముడుచుకుని ఉండలా తయారైన చిన్న యంత్రమది. ఉండ మీద ఒక గాడి ఉంటుంది. నెత్తురు, పాల వంటివాటి మాంసకృత్తు గొలుసు ఆ గాడిలో పడితే అక్కడి మూడు అమైనో ఆమ్లాలు కలిసి దాన్ని తెంపేస్తాయి. తెంపిన ముక్కను వదిలేసి తరువాతిదాన్ని పట్టుకుంటాయి. ఎంజైమ్ మాత్రం అరగదు. అందుకే పొట్లంలో చిటికెడు ఉన్నా చాలు. అన్నిటికీ మించి ఇది క్షారంలో బతుకుతుంది. బాక్టీరియాను పెద్ద పెద్ద తొట్లలో పెంచి తీయవచ్చు, కబేళాల మీద ఆధారపడే పని లేదు. డెన్మార్క్‌లోని నోవో కంపెనీ 1960ల మొదట్లో ఆల్కలేజ్ పేరుతో దీన్ని అమ్మకానికి పెట్టింది. దశాబ్దం తిరిగేలోగా యూరప్ బట్టల పొడుల్లో ఎంజైమ్ మామూలైపోయింది.

అంతలోనే పెద్ద దెబ్బ తగిలింది. 1969లో బ్రిటన్‌లో పొడి తయారుచేసే కార్మికులు ఉబ్బసంతో బాధపడుతున్నారని వైద్యులు బయటపెట్టారు. గాలిలో తేలే ఎంజైమ్ ధూళిని పీల్చడమే కారణం. మరకను తినే సరుకు మనుషుల ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసి శ్వాస పోగొట్టుకున్నవాళ్ళను ఈ కథలో చెప్పకుండా దాటేయకూడదు. ఆ తరువాతే ఎంజైమ్‌ను దుమ్ము లేవకుండా చిన్న గుళికలుగా చేసి పైన పూత పూయడం వచ్చింది.

ఇంకో లోపం ఉంది. సబ్టిలిసిన్ గాడి పక్కనే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. బ్లీచ్ తగిలితే అది పాడై యంత్రం ఆగిపోతుంది. 1985లో అమెరికాలోని జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు జన్యువును మార్చి ఆ ఒక్క చోట వేరే అమైనో ఆమ్లాన్ని పెట్టి, బ్లీచ్‌ను తట్టుకునే రకాన్ని తయారుచేశారు. 1988లో నోవో వాళ్ళు నూనె మరకల కోసం లైపోలేజ్ తెచ్చారు. ఒక బూజులోని జన్యువును ఇంకో బూజులో పెట్టి పండించిన ఎంజైమ్ అది. గంజి, పప్పు మరకలకు అమైలేజ్, నూలు మీద లేచిన నూగును గొరిగి రంగు తేర్చడానికి సెల్యులేజ్. ఇలా ఒక్కో మరకకు ఒక్కో పనివాడు చేరాడు. ఇది చాకిరేవు పద్ధతికి దగ్గరగా ఉంది: ముందు మరక ఏదో చూడాలి, తరువాతే చేయి పెట్టాలి.

మన దేశానికి సన్‌లైట్ సబ్బు 1888లో ఓడలో కలకత్తా చేరింది. 1959లో సర్ఫ్ వచ్చింది, 1969లో నిర్మా వచ్చింది. తెలుగిళ్ళలో ఇప్పటికీ ఏ కంపెనీ పొడినైనా సర్ఫు అనే అంటారు. రాతినేల బోరునీళ్ళలో కాల్షియం ఎక్కువ కావడంతో సబ్బు నురగ రాక తెల్లటి తెట్టు కడుతుంది. పొడికి ఆ బాధ తక్కువ. పట్టుచీరకు వాడే కుంకుడుకాయ నురగకూ అంతే. ఎంజైమ్ ఉందని చెప్పుకుంటూ 1991లో ఏరియల్ వచ్చింది. అలా రోమ్ ఆలోచన మన బకెట్‌లోకి చేరడానికి 80 ఏళ్ళకు దగ్గరగా పట్టింది.

ఆ బకెట్ గురించి ఒక మాట చెప్పాలి. ఎంజైమ్‌కు కావలసింది సమయం. గాడిలో పట్టి, తెంపి, వదులుతూ మరకంతా అరిగించడం నిమిషాల్లో తేలే పని కాదు. రోమ్ తన పొడిని నానబెట్టడానికే చేశాడు. పొద్దున్నే బకెట్లో పొడి కలిపి బట్టలు వేసి వంటపని చూసుకుని వచ్చే వరంగల్ ఇల్లాలు, 20 నిమిషాల క్విక్ వాష్ నొక్కేవాళ్ళకన్నా ఆయన లెక్కకు దగ్గరగా ఉంది. మరిగే నీళ్ళు పోయకూడదు, ఎంజైమ్ చచ్చిపోతుంది. ఎండాకాలం ట్యాంకులోంచి వచ్చే గోరువెచ్చటి నీళ్ళు చక్కగా సరిపోతాయి. నెత్తుటి మరకైతే ముందు చన్నీళ్ళలో జాడించి, తరువాతే నానబెట్టాలి. బ్లీచ్ అదే బకెట్లో కలపకూడదు. పట్టుచీరను ఈ పొడి దరిదాపులకు తీసుకురాకూడదు. నెత్తుటిని తెంపే ఎంజైమ్‌కు పట్టుపోగు కూడా తిండే.

ఇన్ని ఎంజైములున్నా పసుపును తినేది మాత్రం పొట్లంలో లేదు. కుర్కుమిన్ మాంసకృత్తు కాదు, గంజి కాదు, కొవ్వు కాదు. పొడి చేయగలిగిందల్లా దాని చుట్టూ ఉన్న నూనెను దించడం. మిగిలిన రంగును విరగ్గొట్టేది వెలుతురు. అందుకే నిమ్మరసం పిండిన ఆ తెల్లచొక్కాను మళ్ళీ ఉతికి, తడి ఆరకముందే డాబా మీది దండేనికి తీసుకెళ్ళాలి. మరక పడ్డ వైపు బయటికి తిప్పి, క్లిప్పులు పెట్టి, మధ్యాహ్నం ఎండకు వదిలేయాలి. సాయంత్రం తీసేటప్పుడు వేలితో వెతికితే తప్ప ఎక్కడ పడిందో కనబడదు. కనబడితే కాసిని నీళ్ళు చల్లి రేపూ అక్కడే ఆరేయాలి.