ఇంటి నెట్‌వర్కు: పేరు చూసి కొనాలా, కొలిచి కొనాలా?

శనివారం ఉదయం ఎనిమిది గంటలకు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేము కాఫీ కప్పులతో కూర్చునేసరికి తెనాలిలో సాయంకాలం అవుతుంది. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, టాబ్లెట్ ముందుకు వచ్చి కూర్చుంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఆమెకు వినికిడి బాగా తగ్గింది. సగం మాటలు చెవులతోను, సగం మా పెదవుల కదలికలతోను గ్రహిస్తుంది. అందుచేత తెర మీద బొమ్మ నిలిచిపోతే ఆమెకు మాట కూడా నిలిచిపోయినట్టే. గత శీతకాలమంతా ఇదే వరస. పది నిమిషాలకొకసారి తెర స్తంభించడం, "ఏరా, పెట్టేశావా?" అని ఆమె అడగడం, మేము ఇక్కడి నుంచి అరవడం, ఆ అరుపు అక్కడికి చేరకపోవడం. ఫిబ్రవరిలో ఒకనాడు, "మీకూ పనులుంటాయిలే నాయనా, ఇకనుంచి నెలకొకసారి మాట్లాడుకుందాం" అన్నది. ఇంటి నెట్‌వర్కు సంగతి తేల్చక తప్పదని ఆనాడు నిశ్చయించుకున్నాను.

ఏ కంపెనీ పరికరం కొనాలి? నోవైలోని వేంకటేశ్వరాలయంలో దర్శనం అయ్యాక మిత్రులను అడిగితే నలుగురు నాలుగు పేర్లు చెప్పారు. ఒకరు యుబిక్విటీ అన్నారు, ఒకరు టీపీ-లింక్ అన్నారు, మరొకరు నెట్‌గేర్, ఇంకొకరు ఈరో. ప్రతివారూ తమ ఇంట్లో అది దివ్యంగా పనిచేస్తోందన్నారు. అందరూ నిజమే చెప్పి ఉంటారు. కాని నలుగురి ఇళ్లూ వేరు. ఈ చిన్న సత్యాన్ని పట్టించుకోకుండా, ఎనిమిది యాంటెనాలతో దశకంఠుడి తమ్ముడిలా ఉన్న ఒక ఖరీదైన రౌటరును ఆ వారమే కొని తెచ్చాను. దాని పేరు ఇక్కడ అనవసరం. శనివారం వచ్చింది, బొమ్మ యథాప్రకారం నిలిచిపోయింది. రసాయనశాస్త్రంలో డాక్టరేటు సంపాదించినవాడిని, ఒక్క కొలత కూడా తీసుకోకుండా వందల డాలర్లు ఖర్చుపెట్టానని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. రౌటరును తిరిగి ఇచ్చేసి, ప్రయోగశాలలో చేసినట్టే ఒక నోటు పుస్తకం తెరిచాను.

ముందుగా పెట్టె మీద అచ్చువేసే పెద్ద అంకె గురించి ఒక మాట. ఆ రౌటరులోని రేడియోలన్నిటి గరిష్ఠ వేగాలను కూడి ఆ అంకెను రాస్తారు. ఒక ఫోను గాని, ఒక టాబ్లెట్ గాని అన్ని రేడియోలనూ అంత వేగంతో వాడుకోలేదు. మా వృత్తిలో సిద్ధాంతరీత్యా రావలసిన దిగుబడి వేరు, వడపోసి ఆరబెట్టాక చేతికి వచ్చే దిగుబడి వేరు. పెట్టె మీది అంకె మొదటి రకం. పైగా స్పష్టమైన వీడియో సంభాషణకు సెకనుకు మూడు నాలుగు మెగాబిట్లు చాలు. మేము నెలనెలా డబ్బు కట్టేది ఐదు వందల మెగాబిట్లకు. కనుక లోపం పరిమాణంలో లేదు.

వైఫై తరంగాలు ముఖ్యంగా మూడు పట్టీలలో ప్రయాణిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆరు, 6 గిగాహెర్ట్జ్ దగ్గర ఐదు. ఈ మూడో పట్టీని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2020 ఏప్రిల్‌లో ప్రజల వాడకానికి తెరిచింది. పౌనఃపున్యం, అంటే ఫ్రీక్వెన్సీ, పెరిగేకొద్దీ మోసుకుపోయే సమాచారం పెరగవచ్చు గాని గోడలు దాటే శక్తి తగ్గుతుంది. లోహపు రేకులు వీటిని ప్రతిఫలింపజేస్తాయి, నీరు శోషిస్తుంది. మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కనుక అక్కడ నీటి అణువుకు ఏదో ప్రత్యేకమైన అనునాదం ఉందని చాలామంది అనుకుంటారు. అది అపోహ. నీటి శోషణ ఇంకా చాలా పైన, దాదాపు 20 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది. పెద్ద చేపల తొట్టి వెనుక రౌటరు పెట్టకూడదనడానికి మాత్రం ఈ శోషణే కారణం.

1980లలో కట్టిన మా ఇల్లు ఈ ఊళ్లో తరచు కనిపించే రెండంతస్తుల కలోనియల్. కేబుల్ తీగ బేస్‌మెంట్‌లో ఒక మూల లోపలికి వస్తుంది. రౌటరు కూడా అక్కడే, ఫర్నేసు పక్కన, తలపైన రేకు డక్టుల కింద పడి ఉంది. ఫోనులో ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాముతో గదిగదికీ వెళ్లి సంకేత బలం కొలిచాను. రౌటరు పక్కన మైనస్ 38 డీబీఎం. మేము అమ్మతో మాట్లాడే మేడ మీది గదిలో మైనస్ 78. పది డెసిబెల్‌లకు పదోవంతు చొప్పున నలభై డెసిబెల్‌లు తగ్గాయంటే, చేరే శక్తి పదివేలవ వంతు అన్నమాట. వీడియోకు మైనస్ 67 కంటే దిగువకు పోకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. ఎనిమిది యాంటెనాలు ఎందుకు ఓడిపోయాయో అప్పుడు తెలిసింది.

ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలన్నది ప్రయోగశాల నియమం. లాప్‌టాప్‌ను బేస్‌మెంట్‌లో రౌటరుకు తీగతోనే కలిపి మరొక శనివారం అమ్మతో మాట్లాడాను. అరగంట బాగానే సాగింది. అంతలో మా అమ్మాయి పైన తన ఫోటోలను అప్‌లోడ్ చేయడం మొదలుపెట్టింది. తీగ మీద ఉన్నా సరే బొమ్మ తడబడింది! కొలిచి చూస్తే మామూలుగా 18 మిల్లీసెకన్లు ఉండే ఆలస్యం, అప్‌లోడ్ సాగుతున్నంతసేపూ 600 మిల్లీసెకన్లు దాటింది. అంటే ఇంట్లో ఒక జబ్బు కాదు, రెండు.

ఈ రెండో జబ్బును బఫర్‌బ్లోట్ అంటారు. కేబుల్ తీగ మీద బయటకు పంపే దారి సాధారణంగా ఇరుకు. ఆ ఇరుకు దగ్గర పరికరం సమాచారపు పొట్లాలను పారవేయకుండా పెద్ద వరుసలో నిలబెడుతుంది. తెనాలిలో రైలు గేటు పడినప్పుడు ముప్ఫై వడ్ల లారీల వెనుక ఒక సైకిలు ఇరుక్కున్నట్టు, ఫోటోల వెనుక మన మాటల పొట్లం ఇరుక్కుంటుంది. లారీకి ఆలస్యమైనా నష్టం లేదు, సైకిలుకు ఉంది. ఈ వరుసలను అదుపులో పెట్టే కోడెల్ అనే పద్ధతిని క్యాథలీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ 2012లో ప్రకటించారు. ఇటువంటి పద్ధతులను రౌటర్లలో స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్ పేరుతో అమర్చుతున్నారు. ఇది అన్ని పరికరాలలోనూ లేదు. కొనేటప్పుడు నేను మొదట వెతికినది దీనికోసమే.

ఇక కంపెనీల మాట. పారాసిటమాల్‌ను ఇండియాలో క్రోసిన్ అని, డోలో అని అమ్ముతారు, ఇక్కడ టైలెనాల్ అంటారు. మూడింటిలోనూ అణువు ఒకటే. రౌటర్లలోనూ అంతే. చాలా పెట్టెలలో బ్రాడ్‌కామ్, క్వాల్‌కామ్, మీడియాటెక్ కంపెనీల చిప్పులే ఉంటాయి. పేర్లు కూడా శాశ్వతం కావు. విక్టర్, జానీ త్సావో దంపతులు 1988లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన లింక్‌సిస్‌ను 2003లో సిస్కో కొన్నది, 2013లో బెల్కిన్ కొన్నది, 2018లో బెల్కిన్‌తోపాటు అది ఫాక్స్‌కాన్ పరమైంది. ఈరోను 2019లో అమెజాన్ కొన్నది. తేడా వచ్చేది ఆ చిప్పు మీద రాసే సాఫ్ట్‌వేరులో, దాన్ని ఎన్నేళ్లపాటు సరిదిద్దుతూ ఉంటారన్నదానిలో.

ఇది చిన్న విషయం కాదు. అమెరికాలోని వందలాది ఇళ్ల, చిన్న ఆఫీసుల రౌటర్లలోకి చైనా ప్రభుత్వపు అండ ఉన్న హాకర్లు చొరబడ్డారని ఇక్కడి న్యాయశాఖ 2024 జనవరిలో ప్రకటించింది. వాటిలో అత్యధిక భాగం సిస్కో, నెట్‌గేర్ పరికరాలే, రెండూ అమెరికన్ పేర్లే. కంపెనీలు మరమ్మతులు ఆపివేసిన పాత నమూనాలు కావడమే వాటి లోపం. 1996లో షెన్‌జెన్‌లో పుట్టిన టీపీ-లింక్ మీద అమెరికా ప్రభుత్వ శాఖలు విచారణ జరుపుతున్నాయని 2024 డిసెంబరులో పత్రికలు రాశాయి. పుట్టిన దేశం గురించి ఆలోచించవద్దని నేననను. కాని అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న, భద్రతా సవరణలు ఏ సంవత్సరం దాకా ఇస్తారన్నది. బ్రిటన్‌లో ఉన్న మన బంధువులకు ఇది సులువు. అక్కడ 2024 ఏప్రిల్ నుంచి ఆ గడువును తయారీదారు ముందే తెలియజేయాలని చట్టం ఉంది. ఇక్కడ మనమే వెతుక్కోవాలి.

చివరికి నేను యుబిక్విటీ వారి యూనిఫై పరికరాలు తీసుకున్నాను. వరుసల అదుపు ఉంది, నెలనెలా చందా లేదు, రేడియోలను విడిగా కావలసిన చోట అమర్చుకోవచ్చు. అయితే అమర్చడానికి రెండు సాయంకాలాలు పట్టింది, నా భార్య సహనం కొంత ఖర్చయింది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి, ఇటువంటి పనుల మీద సరదా లేనివారికి ఇది నేను చెప్పను. వారికి ఈరో వంటిది ఒకటి చాలు, వరుసలను అదుపు చేసే సదుపాయం అందులోనూ ఉంది. మీట నొక్కి దాన్ని మొదలుపెట్టడం మాత్రం మరవకూడదు.

పరికరం కంటే ఎక్కువ మేలు చేసినది తీగ. మెష్ పేరుతో అమ్మే సెట్లలో ఒక పెట్టె నుంచి మరొక పెట్టెకు సమాచారం గాలిలోనే వెళ్తే, ఒకే రేడియో రెండుసార్లు మాట్లాడవలసి వస్తుంది. బావి దగ్గర నుంచి గాబు దాకా నీళ్లబిందె చేతులు మారినకొద్దీ ఆలస్యమైనట్టు వేగం సగానికి పడిపోతుంది. పాత అమెరికన్ ఇళ్లలో టీవీ కోసం గదిగదికీ వేసిన కోయాక్స్ తీగ గోడలలో ఇప్పటికీ ఉంది. మోకా అనే అడాప్టర్లు రెండు తగిలిస్తే ఆ పాత తీగే సెకనుకు రెండున్నర గిగాబిట్ల దాకా మోస్తుంది. గోడ పగలగొట్టనక్కరలేదు. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట ఒక చిన్న ఫిల్టరు పెట్టాలి, లేకపోతే మన సంకేతాలు పొరుగువారి దాకా పోవచ్చు.

మేడ మీది గదిలో ఇప్పుడు మైనస్ 49. అమ్మాయి ఫోటోలు పంపుతున్నప్పుడు కూడా ఆలస్యం 30 మిల్లీసెకన్లు దాటడం లేదు. దీనికోసం అప్‌లోడ్ వేగాన్ని పదిశాతం తగ్గించి పెట్టవలసి వచ్చింది, ఆ తేడా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెనాలి వైపు నిలకడ లేని కరెంటు సంగతి అలాగే ఉంది. మా తమ్ముడు అక్కడి రౌటరుకు ఒక చిన్న బ్యాటరీ అమర్చుతానన్నాడు. పోయిన శనివారం గంటా పది నిమిషాలు మాట్లాడాము. గోంగూర పచ్చడిలో నా భార్య మెంతులు ఎక్కువ వేస్తోందని అమ్మ తెర మీద చూసే కనిపెట్టింది.