పలుచని ఇంజన్ ఆయిల్ వెనుక మైలేజీ చట్టం

ఇంజన్ ఆయిల్ గ్రేడును నిర్ణయించేది ఇంజన్ ఒక్కటే అనుకోవడానికి వీలులేదు. కారుతో పాటు కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఏ గ్రేడు అచ్చవుతుందన్నది ప్రభుత్వాల మైలేజీ నిబంధనలపైనా ఆధారపడి ఉంది. టోకు వర్తకుల నిలవలు చివరకు ఆ పుస్తకాన్నే అనుసరించక తప్పదు.

అమెరికా 1975లో చేసిన చట్టం ప్రకారం, ఒక్కొక్క కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీకి 1978 మోడళ్ల నుంచి లక్ష్యం విధించారు. మొదట గ్యాలనుకు 18 మైళ్లు. 1985 మోడళ్లకు 27.5. సగటులో పదోవంతు మైలు తగ్గినా కారుకు 5 డాలర్ల చొప్పున జరిమానా ఉండేది. తర్వాత చాలాకాలం అది 5.50 డాలర్లు. ఆ లెక్కన పది లక్షల కార్లు అమ్మిన కంపెనీకి పదోవంతు మైలు లోటు ఖరీదు 55 లక్షల డాలర్లు.

పలుచని ఆయిల్ వల్ల ఇంజన్‌లో రాపిడి తగ్గి కొద్దిపాటి పెట్రోలు మిగులుతుంది. కారు సొంతదారుకు అది స్వల్పమే. కంపెనీకి మాత్రం పెద్ద పద్దు. అయితే మైలేజీ పరీక్షలో వాడిన గ్రేడునే కొనుగోలుదారులకూ సిఫారసు చేయాలని అక్కడి పర్యావరణ సంస్థ పట్టుబట్టింది. 2001 మోడళ్లతో ఫోర్డ్, హోండా కంపెనీలు చాలా కార్లకు 5డబ్ల్యు-20 సూచించాయి. 2018 టయోటా కామ్రీతో 0డబ్ల్యు-16 వచ్చింది. ఇతర దేశాల పుస్తకాలలో అదే ఇంజన్‌కు ఇంకా చిక్కని గ్రేడులనూ అనుమతించడం కద్దు.

మన దేశంలో కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్‌కు 2017-18 నుంచి కిలోమీటరుకు 130 గ్రాములు, 2022-23 నుంచి 113 గ్రాములు పరిమితిగా పెట్టారు. ఒత్తిడి ఇక్కడా అదే.

బేస్ ఆయిల్ వర్తకులకు అసలు విషయం ఇక్కడే ఉంది. ఎస్.ఎన్.-500 వంటి గ్రూప్-1 సరుకుతో 0డబ్ల్యు-20 తయారు కాదు. వేడికి త్వరగా ఆవిరి కాని గ్రూప్-3 సరుకు గాని, సింథటిక్ గాని కావాలి. గ్రూప్-3 ప్రధానంగా దక్షిణ కొరియా, గల్ఫ్ దేశాల నుంచి వస్తుంది గనుక ఓడ కిరాయి, డాలరు ధర కూడా లెక్కలో చేరతాయి.

2025 జూలైలో అమెరికా ఆ జరిమానాను సున్నా చేసింది. అంతమాత్రాన పలుచని రకాలు వెనక్కు పోతాయని చిక్కని సరుకు పోగుచేయడం సాహసమే. ఇప్పటికే రోడ్డుపై ఉన్న కార్ల పుస్తకాలు మారవు. అలాగే పాత బండ్లకు 20డబ్ల్యు-40, 15డబ్ల్యు-40 గిరాకీ ఉండనే ఉంటుంది. వాటికి 0డబ్ల్యు-16 అంటగడితే చెడ్డపేరు దుకాణానికే. తమ ప్రాంతంలో తిరిగే బండ్ల వయసు చూసి నిలవలు పంచుకోవడమే క్షేమం.