విమానాశ్రయాల సంకేతాక్షరాలు

మార్కాపురం రోడ్డు రైల్వే స్టేషనుకు ఎం.ఆర్.కె. అనియు, గిద్దలూరు స్టేషనుకు జి.ఐ.డి. అనియు సంకేతములు కలవు. రైలు టికెట్టు కొన్నవారికి ఇవి పరిచితములే. కాని ఈ అక్షరములనే విమానయానమున వాడినచో అర్థము మారిపోవును. అక్కడ ఎం.ఆర్.కె. అనగా అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమందలి మార్కో ఐలండ్, జి.ఐ.డి. అనగా ఆఫ్రికాలోని బురుండి దేశమందలి గిటెగా నగరము. దీనివలన ఎవరికిని చిక్కు లేదు. రైల్వే సంకేతము మన దేశపు పట్టాలపైననే చెల్లును. మార్కాపురం పోవలసిన రైలు ఫ్లోరిడాకు పోజాలదు.

విమానము సంగతి వేరు. అది కొద్ది గంటలలోనే పలు దేశముల ఎల్లలు దాటును. ప్రపంచమున ఒకే పేరుగల ఊళ్లు అనేకము. హైదరాబాదు తెలంగాణ రాజధాని. పాకిస్తానులోని సింధు రాష్ట్రమందు మరియొక హైదరాబాదు కలదు, దానికిని విమానాశ్రయమున్నది. 2002లో ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి బయలుదేరితిమనుకొన్న యువజంట ఒకటి కెనడాలోని సిడ్నీ అను చిన్న పట్టణములో దిగినది. ప్రయాణికులు దారితప్పిన కొంత డబ్బు, కొంత కాలము నష్టము. కాని “హైదరాబాదు రన్‌వే మూసివేయబడినది” అను వార్త ఒక హైదరాబాదుకు బదులు మరియొకదానికి చెందినదిగా పైలటు భావించినచో, అది ప్రాణాపాయమే కాగలదు. కావుననే ప్రతి విమానాశ్రయమునకు, ప్రపంచమంతటా దానికొక్కదానికే చెందు సంకేతము అవసరమైనది.

ఇట్టి సంకేతములు నేడు రెండు విధములు. ఒకటి మూడక్షరములది. దీనిని 1945లో హవానా నగరమున ఏర్పడిన అంతర్జాతీయ విమాన రవాణా సంఘము నిర్వహించుచున్నది. ఇది విమాన కంపెనీల సంఘము. కావున టికెట్లపై, సామాను పెట్టెలకు కట్టు చీటీలపై కనిపించునది ఈ సంకేతమే. గల్ఫు దేశముల నుండి ఇంటికి మరలు గిద్దలూరు వాసి పెట్టెపై హెచ్.వై.డి. అని యుండును. సింధులోని హైదరాబాదుకు హెచ్.డి.డి. అని పేరు. ఈ రెండింటిని చూచి ఏది ఏ దేశములో నున్నదో చెప్పుటకు వీలులేదు, కంఠస్థము చేయవలసినదే.

రెండవది నాలుగక్షరముల సంకేతము. 1944 డిసెంబరు 7న షికాగోలో కుదిరిన ఒడంబడిక ననుసరించి, 1947 ఏప్రిల్ 4న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పడినది. ఇది ప్రభుత్వముల సంస్థ. దీని ప్రధాన కార్యాలయము కెనడాలోని మాంట్రియల్ నగరము. పైలటులు, విమాన నియంత్రణాధికారులు, వాతావరణ శాఖవారు పరస్పరము వాడుకొనునది ఈ సంస్థ సంకేతమునే. దీనికొక క్రమము కలదు.

ఉత్తరముపై చిరునామా వ్రాయునప్పుడు మొదట మనిషి పేరు, తరువాత వీధి, ఊరు, జిల్లా వ్రాయుదుము. ఈ సంకేతము దానికి తలక్రిందులు. మొదటి అక్షరము ప్రపంచములో ఒక పెద్ద ప్రాంతమును, రెండవది ఆ ప్రాంతములోని దేశమును లేక దేశభాగమును తెలుపును. ఈ రెండును అంతర్జాతీయముగా నిర్ణయింపబడును. చివరి రెండక్షరములను ఆయా దేశములే ఎన్నుకొనును.

మొదటి అక్షరము ఇ అయినచో ఉత్తర ఐరోపా. ఎల్ అయినచో దక్షిణ ఐరోపా. ఎస్ అయినచో దక్షిణ అమెరికా. విశాలమైన దేశములు కొన్ని ఒక అక్షరమును తామే అనుభవించుచున్నవి. అమెరికా ప్రధాన భూభాగమునకు కె, కెనడాకు సి, ఆస్ట్రేలియాకు వై అట్టివి. పైన చెప్పిన రెండు సిడ్నీలలో కెనడాది సి.వై.క్యూ.వై.; ఆస్ట్రేలియాది వై.ఎస్.ఎస్.వై. తొలి అక్షరముననే రెండింటికి భేదము తెలియుచున్నది.

మన దేశము వి అను ప్రాంతమున చేరినది. నేపాలు, శ్రీలంక, బర్మా, థాయిలాండు మొదలగునవియు ఇందే కలవు. శ్రీలంకకు వి.సి. అను అక్షరములు చెల్లుచున్నవి; ఇందలి సి ఆ దేశపు పాత పేరైన సిలోనును గుర్తుచేయును. పాకిస్తాను మాత్రము ఓ అను పశ్చిమాసియా ప్రాంతమున చేరినది. కావున సింధులోని హైదరాబాదు ఓ.పి.కె.డి. అయినది. మన హైదరాబాదు సంకేతము వి తో మొదలగును. ఒకే పేరుగల రెండు ఊళ్లు మొదటి అక్షరముతోనే విడిపోయినవి.

భారతదేశము పెద్దది గనుక రెండవ అక్షరములు నాలుగు లభించినవి. ముంబయి కేంద్రముగాగల పశ్చిమ భాగమునకు ఎ, కోల్‌కత కేంద్రముగాగల తూర్పునకు ఇ, ఢిల్లీ కేంద్రముగాగల ఉత్తరమునకు ఐ, చెన్నై కేంద్రముగాగల దక్షిణమునకు ఓ. ఇవి నాలుగును ఆంగ్ల వర్ణమాలలోని అచ్చులగుట జ్ఞాపకమునకు అనుకూలము. ముంబయి వి.ఎ.బి.బి.; కోల్‌కత వి.ఇ.సి.సి.; ఢిల్లీ వి.ఐ.డి.పి.; చెన్నై వి.ఓ.ఎం.ఎం. తిరుపతికి వి.ఓ.టి.పి., రాజమండ్రికి వి.ఓ.ఆర్.వై., కడపకు వి.ఓ.సి.పి. అని పేర్లు. విజయవాడకు గల వి.ఓ.బి.జెడ్. లోని చివరి అక్షరములను చూచినచో బెజవాడ అను పాత పేరు స్ఫురించును.

ఒక్కొక్క అక్షరస్థానమున 26 అక్షరములు నిలువగలవు. కావున వి.ఓ. తరువాతి రెండు స్థానములను 26ను 26చే గుణించగా వచ్చు 676 విధముల నింపవచ్చును. మూడక్షరముల సంకేతములు మొత్తము 17,576 మాత్రమే సాధ్యము. నాలుగక్షరములవి లెక్కకు 4,56,976. కాని కొన్ని అక్షరములను తొలిస్థానమున వాడరు.

ఈ రెండు పద్ధతుల భేదము 2008లో హైదరాబాదున స్పష్టమైనది. అంతవరకు ప్రయాణికుల విమానములు బేగంపేటలో దిగుచుండెను. ఆ సంవత్సరము మార్చి 23న శంషాబాదులోని క్రొత్త విమానాశ్రయము పనిచేయ నారంభించినది. ప్రయాణికునికి కావలసినది నగరము గనుక హెచ్.వై.డి. అను మూడక్షరములు శంషాబాదుకు తరలినవి; బేగంపేటకు బి.పి.ఎం. అను క్రొత్త సంకేతమిచ్చిరి. కాని బేగంపేట నాలుగక్షరముల పేరు వి.ఓ.హెచ్.వై. కదలలేదు, శంషాబాదుకు వి.ఓ.హెచ్.ఎస్. అని వేరొకటి ఏర్పడినది. పైలటుకు కావలసినది నగరము పేరు కాదు, ఆ నేల, ఆ రన్‌వే. రన్‌వేలు రెండును ఉన్నంతకాలము వాటి పేర్లు తారుమారు కాగూడదు.

నాలుగక్షరములకు మరి నాలుగు చేర్చినచో విమానయాన వార్తలకు పూర్తి చిరునామా ఏర్పడును. వి.ఓ.హెచ్.ఎస్. తరువాత జెడ్.టి.జెడ్. చేర్చిన అది శంషాబాదు నియంత్రణ గోపురము. చివరి అక్షరము ఆ కార్యాలయములోని శాఖను తెలుపును; శాఖ తెలుపనక్కర లేనిచో ఎక్స్ వ్రాయుదురు.

సంకేతము సందిగ్ధమైనచో ఏమగునో 1995 డిసెంబరు 20 రాత్రి కొలంబియాలో తెలిసినది. కాలి నగరమున దిగవలసిన విమానపు పైలటులు సమీపమందలి రోజో అను రేడియో కేంద్రమును ఉద్దేశించి, కంప్యూటరులో ఆర్ అను ఒక్క అక్షరము నొక్కిరి. కంప్యూటరు బొగోటా సమీపమందలి రోమియో అను వేరొక కేంద్రమును ఎన్నుకొని విమానమును ఎడమకు మళ్లించినది. అది కొండను ఢీకొని, 163 మందిలో 159 మంది మరణించిరి. ప్రమాదమునకు ఇతర కారణములును కలవు. ఐనను ఒకే అక్షరము రెండు చోట్లకు చెల్లుట అందులో ముఖ్యమైనది.

2021లో అంగారక గ్రహముపై చిన్న హెలికాప్టరు ఎగిరిన చోటుకు జె.జెడ్.ఆర్.ఓ. అను సంకేతమును గౌరవార్థము ఇచ్చిరి. జె అను అక్షరముతో భూమిపై ఏ ప్రాంతమును మొదలు కాదు గనుక అది అక్కడికి తగియున్నది.

మార్కాపురం నుండి వినుకొండ వైపు పోవు రైలు మార్గమున దొనకొండ కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున నిర్మించిన విమాన మైదానము అక్కడ నున్నది. అట్టి చోట రేపు ప్రయాణికుల విమానములు దిగినచో, టికెట్టుపై ఏ మూడక్షరములు పడునో ఎవరును ముందుగా చెప్పలేరు. కాని పటము చూడనేర్చిన విద్యార్థి ఎవడైనను నాలుగక్షరములలో మొదటి రెండును వి, ఓ అని ఇప్పుడే పలకపై వ్రాయగలడు.