తోటల దస్త్రములలో తెలుగు తాతలు

మారిషస్ దీవియందుగాని, దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగర పరిసరములందుగాని, ఫిజీ ద్వీపములందుగాని నాలుగైదు తరములనుండి కాపురమున్న తెలుగు కుటుంబముల పెద్దలను ‘మీ పూర్వు లేయూరివారు?’ అని యడిగినచో, ‘విశాఖపట్నము వైపని మా నాయనమ్మ చెప్పెడిది’ అనియో, ‘మద్రాసులో ఓడ యెక్కిరట’ అనియో చెప్పి ఊరకుండుట తఱచు. ఓడ యెక్కిన తాతకు వ్రాత రాదు. చెరకు నఱకుటతోనే ప్రొద్దు గ్రుంకిన కొడుకునకు తండ్రిని కూర్చుండబెట్టి యడుగు తీరిక లేదు. మనుమనికి భాషయే జారిపోయినది. అయినను ఆ తాతను గుఱించి వ్రాసినవారు లేకపోలేదు. ఆతని కష్టమును అయిదేండ్లకు కొన్నవారు, కొన్నది చేయి జారకుండునట్లు, ఆతని పేరును, తండ్రి పేరును, ఊరును, వయస్సును, ఎత్తును, మోకాలిమీది మచ్చను సయితము వ్రాసి పెట్టుకొనిరి. 1880 ప్రాంతమున గంజాం జిల్లాలో ఇరువది యెకరముల మాగాణి గల మోతుబరి యెంత పొడుగు మనిషియో తెలుపు కాగితము నేడు దొరకుట దుర్లభము. ఆతని పొలమున పాలేరుగా నుండి ఓడ యెక్కినవాని పొడుగు మాత్రము అడుగులతోను అంగుళములతోను సహా దొరకును.

ఈ వింతకు మూలము చక్కెర. మారిషస్‌లో బానిసత్వపు రద్దు 1835 ఫిబ్రవరి 1వ తేదీన అమలునకు వచ్చుటతో, చెరకుతోటల దొరలు తమకు కావలసిన చేతులకొఱకు భారతదేశమువైపు చూచిరి. అప్పటికే 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అను ఓడలో కలకత్తానుండి 36 మంది కూలీలు పోర్ట్ లూయీ రేవున దిగియుండిరి. అట్లారంభమైన వలస ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్ల వఱకు సాగి, ఆ చిన్న దీవికే దాపు నాలుగున్నర లక్షల మందిని చేర్చినది. గోదావరీ ముఖద్వారమున నున్న కోరంగి రేవుపేరు అచ్చటి తెలుగువారికి ‘కోరంగీలు’ అను వ్యవహారనామమై నిలిచినదనగా, మన తీరమునకు ఆ దీవితో గల సంబంధ మెట్టిదో ఊహింపవచ్చును. 1832-33 నాటి గుంటూరు కఱవు, 1839లో కోరంగిని ముంచిన తుపాను, 1866 నాటి గంజాం క్షామము, 1876-78 నాటి మద్రాసు మహాక్షామము — వలసకు కారణములు వెదకుట కష్టము కాదు. అయినను ఓడ తేదీ కఱవు తేదీకి చేరువగా నున్నంతమాత్రమున మన తాత ఆకలిచేతనే దేశము విడిచెనని నిశ్చయించుట తొందరపాటగును. అప్పులవాని పోరు పడలేకయో, కులపెద్దల తగవునుండి తప్పుకొనుటకో, ఊరికి వచ్చిన మేస్త్రీ చెప్పిన మాటలు నమ్మియో పోయినవారును కలరు. దస్త్రములలో ఆ కారణమునకు గడి లేదు.

మారిషస్‌లో వెదకువానికి ముఖ్యమైనది పేరు కాదు, సంఖ్య. ఓడ దిగిన ప్రతి వ్యక్తికిని ప్రభుత్వము ఒక వలససంఖ్య నిచ్చినది. తోట మాఱినను యజమాని మాఱినను మాఱక, పెండ్లి నమోదులోను పిల్లల జనన నమోదులోను ఆ సంఖ్యయే మనిషిని వెంబడించుచుండెను. కావున వెదకుపని మొదలు పెట్టవలసినది ఓడ పట్టికలతో కాదు, తన జననపత్రముతో. తన పత్రమునుండి తండ్రి పత్రమునకు, దానినుండి తాత పత్రమునకు ఒక్కొక్క మెట్టుగా వెనుకకు నడచుచు, తలిదండ్రుల పేరు ప్రక్కన అంకెలు కనబడు పత్రము వఱకు పోవలెను. ఆ అంకెలు చేతబట్టుకొని, మోకాయందలి మహాత్మా గాంధీ సంస్థలో భద్రపఱుపబడియున్న వలస దస్త్రములను ఆశ్రయించినచో, ఓడ పేరు, వచ్చిన దినము, జిల్లా, గ్రామము మున్నగునవి బయటపడును. నడుమ నొక తరమును దాటవేసి, పేరు కలిసినదిగదా యని నేరుగా దస్త్రములోనికి దూకినవారు పరాయి తాతను తమ తాతగా పూజించుట కద్దు.

అచ్చటనే ఛాయాచిత్రములును కలవు. ఒప్పందకాలము ముగిసి ‘పాత వలసదారు’లైనవారు తమ బొమ్మతో కూడిన చీటీని ఎల్లవేళల వెంట నుంచుకొనవలెనని 1867 నాటి కార్మిక శాసనము నిర్బంధించినది; చీటీ లేక బాటలో దొరికినవానిని దేశద్రిమ్మరియని పట్టి శిక్షించుటయే ఆ శాసనపు ఆంతర్యము. నిఘాకై తీసిన బొమ్మలగుటచేత ఆ ముఖములలో నవ్వు వెదకరాదు. అయినను, మన దేశమున సామాన్య రైతుకూలి ముఖమును ఎవరును చిత్రింపని కాలమున తమ ముత్తాత కన్నులలోనికి చూడగల భాగ్యము ఆ దీవివాసులకు పాలకుల అనుమానమువలననే లభించినది.

డర్బన్ నగరమున్న నేటాలు సీమ కథ వేఱు. మద్రాసు రేవున బయలుదేరిన ‘ట్రూరో’ యను ఓడ 342 మందితో 1860 నవంబరు 16న అచ్చటి రేవును చేరినది మొదలు, 1911లో వలస నిలిచిపోవు వఱకు, ఒక లక్షా ఏబదిరెండువేల మందికి పైగా ఆ దేశమునకు కొనిపోబడిరి; అందు సుమారు మూడింట రెండుపాళ్లు మద్రాసు రేవునుండి పోయినవారే. మొదటి యేడు నెలకు పది షిల్లింగులు, పిమ్మట ఏటికొక షిల్లింగు పెంపు — ఇది ఒప్పందపు జీతము. వారి నమోదు పుస్తకములు డర్బన్ దస్త్రాగారమున నున్నవి. క్రమసంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఠాణా లేక తాలూకా, గ్రామము, దేహచిహ్నములు, ఒప్పగింపబడిన యజమాని — ఇవి యందలి గడులు. ఓడల పట్టికలు కంప్యూటరున కెక్కింపబడుటచేత నేడు డర్బన్ పోకయే కొంత పని జరుపుకొనవచ్చును.

ఇంటిలో వినవచ్చు కథలను పరీక్షించుటకు తేదీలంత నమ్మదగిన సాధనము మఱియొకటి లేదు. 1866 మొదలు 1874 వఱకు నేటాలునకు కూలీల ఓడలు ఆగిపోయినవి. కావున ‘మా తాత 1870లో వచ్చెను’ అను కుటుంబకథ విన్నప్పుడు, ఆ తేదీ తప్పో, వచ్చిన విధము వేఱో అని తలపవలెను. ఫిజీ విషయమున నిది మఱింత స్పష్టము. అచ్చటికి 1879 మే నెలలో ‘లియోనిడాస్’ ఓడ కలకత్తానుండి వచ్చి చేరినది మొదలు చాలకాలము ఉత్తరదేశీయులే వెళ్లిరి. మద్రాసునుండి కూలీల ఓడలు బయలుదేరుట 1903తో నారంభమై, 1916తో సర్వము ముగిసినది. తెలుగు పూర్వుడు గల ఫిజీ కుటుంబము పదునాలుగేండ్లలోపలి ఓడలను మాత్రమే గాలించిన చాలును. అచ్చటి ‘వలస అనుమతిపత్రము’ ఒక్కొక్క వ్యక్తికి ఒక్కొక్క కాగితము. సమీప బంధువు పేరునకు సయితము అందు స్థానము కలదు. ఫిజీ, గయానా, సురినాం, ట్రినిడాడ్ దేశములలోని యిట్టి నమోదులను యునెస్కో 2011లో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది.

ఇక పేర్లయొద్ద కొంత తడవు నిలువవలసియున్నది. మనవారికి నిజమైన చిక్కును, నిజమైన సహాయమును రెండును అచ్చటనే కలవు. ఉత్తరాంధ్రపు కూలి తన పేరు తన యాసలో చెప్పును. కూలీలను ఓడ యెక్కించువఱకు నుంచు మద్రాసు డిపోలోని గుమాస్తా, తఱచు తమిళుడు, దానిని తన చెవితో విని ఆంగ్లలిపిలో వ్రాయును. ఆవలి తీరమున ఫ్రెంచి నుడికారమున కలవాటుపడిన వ్రాయసకాడో ఆంగ్లేయుడో దానిని చూచి మరల వ్రాయును. అప్పలస్వామి ‘అప్పల్‌సామీ’ యైనను ఆశ్చర్యము లేదు. ఇట్టివానిని కంటితో చదువక, బిగ్గరగా పైకి చదివి, తెలుగు చెవికి వినిపించి చూచుకొనుట మేలు.

అంతకంటె పెద్ద లోపము ఇంటిపేరు. తెలుగువానిని తెలుగువాడు పోల్చుకొనునది ఇంటిపేరుతో. దస్త్రములకు కావలసినది మాత్రము పేరును, తండ్రి పేరును. గుమాస్తా అడుగలేదు, కూలి చెప్పలేదు. నూఱేండ్లకు పైగా వంశమును మోసిన ఇంటిపేరు డిపో గుమ్మమునొద్దనే నిలిచిపోయినది. పిమ్మట మారిషస్‌లో తండ్రి పేరే కొడుకులకు వంశనామమై కూర్చున్నది. నేటాలులో నాయుడుగారి వంశముతో సంబంధము లేనివారును ‘నాయుడూ’ అని వ్రాసికొనుట కలదుగాన, ఆ యొక్క మాట కులమునకుగాని ఊరికిగాని సాక్ష్యము కానేరదు. మఱియొక సంగతి మనస్సును కలచునది. పట్టికలలో ‘డు’తోను ‘గాడు’తోను అంతమగు పేళ్లు కనబడును. అప్పడనియు పైడిగాడనియు ఊరి దొరలు పిలుచు పిలుపునే ఆ దీనుడు తన పేరుగా చెప్పుకొనెనో, గుమాస్తాయే అట్లు వ్రాసెనో తెలియరాదు. అట్టి పిలుపే మనుమల తరమునకు వైద్యుల, న్యాయవాదుల నామఫలకములపై గౌరవముగ నెక్కిన వంశనామ మగుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపును.

సహాయమన్నది యిది: పేరు తఱచు ప్రాంతమును చెప్పును. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలము అను పేళ్లు సింహాద్రి అప్పన్న కొలువున్న విశాఖ మండలమువైపును, పైడయ్య, పైడమ్మ అనునవి విజయనగరపు పైడితల్లివైపును, నూకరాజు, నూకాలు అనునవి అనకాపల్లి నూకాలమ్మవైపును మన దృష్టిని త్రిప్పును. ఆ దేవతలకు పలు ఊళ్లలో గుళ్లుండుటచేత ఇది గ్రామమును తేల్చదు, సీమను తేల్చును. రామయ్య, వెంకయ్య అనువారి వంశీయులకు ఈ సహాయమును లేదు.

కులపు గడిలో ‘జెంటూ’ అని యున్నచో కలవరపడరాదు. మద్రాసులోని యాంగ్లేయులు తెలుగువారిని, తెలుగు భాషను ఆ మాటతో వ్యవహరించిరి. అది కులము కాదు, భాష. ‘మద్రాసీ’ యన్నది ఎక్కిన రేవును చెప్పునేగాని పుట్టిన ఊరిని చెప్పదు. జిల్లా పేళ్లను చదువుటకు నాటి సరిహద్దులు తెలిసియుండవలెను. 1859లో గోదావరి జిల్లా యేర్పడక పూర్వము ‘రాజమండ్రి’ యన్నది పట్టణమే కాదు, జిల్లాయు. ‘చికాకోల్’ నేటి శ్రీకాకుళము. అది నాడు గంజాం జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్రము వేఱుపడినప్పుడు ఆ గంజాంలో పెద్దభాగము అటు పోయినది, మిగిలినది విశాఖలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లా యైనది. 1979లో విజయనగరము, 2022లో మఱికొన్ని జిల్లాలు పుట్టినవి. కాబట్టి ‘గంజాం’ అని వ్రాసియున్న ఊరు నేడు ఒడిశాలో నుండవచ్చును, ఆంధ్రలో నుండవచ్చును. కొత్తవలస వంటి పేళ్లు ఒకటికంటె ఎక్కువ ఊళ్లకు కలవుగాన, తాలూకా గడి మసకబాఱినచో గ్రామపు గడి దొరికియు దొరకనట్లే.

తన తాత వరుసతోనే ఆగిపోక, ఆ పుటలోని ముందు వెనుకల వరుసలనుకూడ చదువుట అనుభవజ్ఞుల పద్ధతి. ఒకే ఊరినుండి బయలుదేరినవారు డిపోలో కలసి నిలిచి, పెక్కుమార్లు వరుస సంఖ్యలు పొందిరి. భార్యకు ప్రత్యేక సంఖ్య యుండును. ఆమె ఊరు వేఱుగా వ్రాయబడినచో, పుట్టినిల్లు తెలిసినట్లే. ఒంటరిగా వచ్చిన స్త్రీలును తక్కువవారు కారు. నూఱుగురు పురుషులకు నలువది మంది స్త్రీలుండవలెనను నియమము ఫిజీ ఓడలకు కలదు. ఆ లెక్క పూరించుటకై పంపబడినవారిలో వితంతువులు, విడువబడినవారు నుండిరి. వంశవృక్షములను తండ్రి వరుసనే గీయు మన యలవాటు ఈ స్త్రీలను రెండవమారు పోగొట్టుచున్నది.

గ్రామము దొరికినపిదప భారతదేశమున చేయగల పని, చెప్పవలెనన్న, కొంచెమే. ఉత్తరాంధ్రమున అధికభాగము విజయనగరము, బొబ్బిలి వంటి జమీందారీలలో నుండెను. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము పిమ్మటగాని రైతువారీ పట్టాదస్త్రములు అచ్చట పూర్తిగ నేర్పడలేదు. వలసపోయినవారిలో భూమి లేనివారే అధికము. భూమి లేనివాని పేరు ఏ భూమిదస్త్రములోను వెదకిన దొరకదు. దూరదేశమునుండి వచ్చిన మునిమనుమడు రెవెన్యూ కచేరీలో నిలుచుటకంటె, ఆ పేటలోని వృద్ధులయొద్ద కూర్చుండి తండ్రీకొడుకుల పేళ్ల జంటను చెప్పి విచారించుట ఫలవంతము. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారమువలన ఆ జంట ఏదో యొక యింట మరల మరల వినబడవచ్చును. బర్మాకు మేస్త్రీల వెంట, మలయా రబ్బరుతోటలకు కంగాణీల వెంట పోయినవారి సంతతికి ఇంతమాత్రపు ఆధారమును లేదు. ఒప్పందపు చీటీలు లేని ఆ వలసలలో మనిషికొక వరుస వ్రాసిన పుస్తకములు అరుదు.

ఇటీవల యీ వెదకులాటకు వ్యావహారిక ప్రయోజనమొకటి తోడైనది. భారతీయ మూలములు గల మారిషస్ వాసులకు ఏడవ తరము వఱకు విదేశీయ భారత పౌరుల కార్డు నొసగుటకు 2024 మార్చిలో భారత ప్రభుత్వము అంగీకరించినది. దానితో వలససంఖ్య గల పాతకాగితము జ్ఞాపకచిహ్నమే కాక నిదర్శనపత్రము కూడ నైనది.

అయితే వెదకువారందఱు సముద్రమునకు ఆవలివారే యగుట నాకు వింతగ తోచును. విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల యిండ్లలోను ‘ఓడ యెక్కి తిరిగి రాని చినతాత’ కథలుండక మానవు. పూర్వము అట్టి యింటివారు చేయగలదేమియు లేదు. దస్త్రములన్నియు సంఖ్యలవరుసను, ఓడలవరుసను కూర్పబడినవిగాని ఊళ్లవరుసను కావు. నేటాలు పట్టికలు కంప్యూటరున కెక్కుటచేత నేడు ఊరిపేరుతోను వెదకవచ్చును. మన ఊరిపేరును ఆంగ్లలిపిలో నాలుగైదు విధముల తప్పుగా వ్రాసి, ఒక్కొక్క తప్పుతో నొకమారు ఆ పట్టికలను గాలించినచో, ఏ కళాశాల చరిత్ర విద్యార్థియైనను తన మండలమునుండి పోయినవారి జాబితాను ఒక వేసవి సెలవులలో సిద్ధము చేయగలడు.